మందు సీసా మీది చీటీ చింపకండి

వానలు మొదలయ్యాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో దోమల ప్రస్తావన లేనివి తక్కువ. విశాఖపట్నంలో గెడ్డల పక్కనున్న పేటలకూ, కొండవాలు కాలనీలకూ, సముద్రానికి ఎదురుగా లేచిన అపార్ట్‌మెంట్లకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. అయితే ఈసారి దోమల సంగతి పక్కన పెట్టి, దోమల కోసం, బొద్దింకల కోసం, నల్లుల కోసం మనం ఇంట్లోకి తెచ్చి పెట్టుకుంటున్న మందుల గురించి అడిగినవారి ఉత్తరాలను ఒక్కచోట చేర్చాను. చాలామంది కోరినందువల్ల ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న (కంచరపాలెం నుంచి ఒక తల్లి): మా బాబుకు రెండేళ్ళు. గోడకు తగిలించే దోమల మెషీన్ నుంచి సీసా ఊడదీసి నోట్లో పెట్టుకున్నాడు. ఎంత మింగాడో తెలియదు. మా అత్తగారు కుంకుడుకాయలు నలిపి రసం తాగించబోయారు. పక్కింటావిడ ఉప్పునీళ్ళే మంచివన్నారు. ఆ వాదన తెగేలోపే మావారు ఆటో పిలిచారు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని పంపించారు, బాబు బాగున్నాడు. ఏమీ తాగించకుండా తీసుకెళ్ళడం సరైనదేనా? ఇంతకూ ఆ సీసాలో ఉండేది ఏమిటి?

జవాబు: ఏమీ తాగించకపోవడమే సరైన పని. ఆ కాసేపటి వాదన మీ బాబుకు మేలే చేసింది. విషం అనగానే మనవాళ్ళకు వాంతి చేయించాలన్న ఆలోచనే ముందు వస్తుంది. కుంకుడు రసం, ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, గొంతులో వేలు, ఇవన్నీ తరతరాలుగా మన ఇళ్ళలో ఉన్నవే. దోమల మందు విషయంలో మాత్రం ఇవి ప్రమాదాన్ని పెంచుతాయి.

మీ ఇంట్లో ఉన్న సీసాను వెలుతురులో పట్టుకుని, దాని వెనక చిన్న అక్షరాలలో ఉన్నది చదవండి. ట్రాన్స్‌ఫ్లూత్రిన్ అనో ప్రాలెత్రిన్ అనో ఒక పేరు, పక్కన 0.88 శాతం, 1.6 శాతం వంటి ఒక అంకె కనిపిస్తాయి. అంటే 45 మిల్లీలీటర్ల నిండు సీసాలో దోమను చంపే అసలు పదార్థం అర గ్రాముకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. మిగిలినది చాలావరకు వాసన తీసేసిన కిరోసిన్ జాతి నూనె. పసిపిల్లలు ఒక గుక్క మింగారని తెలిసినప్పుడు వైద్యులు ముందుగా చూసేది ఈ నూనె ఎక్కడికి వెళ్ళిందనే. కడుపులోకి వెళ్ళిన కొద్దిపాటి నూనె అంత నష్టం చేయదు గాని, పొలమారినప్పుడో వాంతి అయినప్పుడో నాలుగు చుక్కలు ఊపిరితిత్తులలోకి దిగితే, అది ఇట్టే పరచుకుని అక్కడ వాపు పుట్టించి, ఒక రకమైన న్యుమోనియాకు దారి తీస్తుంది. వాంతి చేయించడమంటే, ఒకసారి క్షేమంగా గొంతు దాటిన నూనెను మళ్ళీ అదే దారిన పైకి రప్పించడమే. కుంకుడు రసం తాగిస్తే దానికి నురగ కూడా తోడవుతుంది.

ఇలా జరిగినప్పుడు నోట్లో మిగిలినదాన్ని తడిగుడ్డతో తుడిచి, బట్టల మీద పడి ఉంటే విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, బిడ్డను నిటారుగా ఎత్తుకుని బయలుదేరాలి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న జాతీయ విష సమాచార కేంద్రం రాత్రీ పగలూ పనిచేస్తుంది. దాని ఉచిత నంబరు 1800 116 117. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లోనే ఉండిపోవద్దు. దగ్గు, ఆయాసం, డొక్కలు ఎగరేయడం, జ్వరం కొన్ని గంటలు గడిచాక కూడా మొదలు కావచ్చు. మిమ్మల్ని రాత్రంతా ఉంచుకున్నది అందుకే. ఎక్కువ మొత్తంలో మింగినవారికి వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇక మీరు రాయని సంగతి ఒకటి ఉంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ సీసాను వెంట తీసుకెళ్ళారా?

నేను క్యాజువాలిటీలో పనిచేసిన రోజులలో ఒక రాత్రి ఒక తండ్రి నాలుగేళ్ళ పిల్లవాణ్ణి భుజం మీద వేసుకుని పరుగున వచ్చాడు. రెండో చేతిలో ఆకుపచ్చ కూల్‌డ్రింక్ సీసా, అడుగున వేలెడు ఎత్తున పాలలాంటి తెల్లని నీళ్ళు. నల్లుల మందట. సంతలో ఎవరో లూజుగా అమ్మితే కొని, నీళ్ళు కలిపి, మంచాలకు కొట్టగా మిగిలినది వంటింటి గట్టు మీద పెట్టారు. మూత బిగించి ఉన్నా పిల్లవాడు తీసుకున్నాడు, ఎందుకంటే ఆ సీసాలో ఏముంటుందో వాడికి బాగా తెలుసు. నోటి వెంట చొంగ కారుతోంది, ఒళ్ళు వణుకుతోంది. ఈ రెండు లక్షణాలూ దోమల మందు జాతికే చెందిన సైపర్‌మెత్రిన్ వంటి మందులోనూ ఉంటాయి, పొలాలకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులోనూ ఉంటాయి. కాని రెండింటికీ వైద్యం ఒకటి కాదు. రెండోదానికి అట్రోపిన్ ప్రాణం పోసే మందు, మొదటిదానికి అదే అట్రోపిన్‌ను ధారాళంగా ఎక్కిస్తే అదే ఒక ప్రమాదం. నీళ్ళలో కలిపితే రెండూ తెల్లగా విరుగుతాయి, రెండూ కిరోసిన్ వాసనే వేస్తాయి. కంటిపాపలు సూదిమొనలంత చిన్నవైపోయి ఉన్నాయి కాబట్టి ఆర్గానోఫాస్ఫేట్ అయి ఉంటుందని వైద్యం మొదలుపెట్టి, కొద్దికొద్దిగా అట్రోపిన్ ఇస్తూ, కంటిపాపలను చూస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాము. పిల్లవాడు దక్కాడు. సీసా మీద చీటీ ఉండి ఉంటే ఆ నిర్ణయానికి ఒక్క నిమిషం చాలేది.

మందు ఏదైనా దాని సీసాలోనే, దాని చీటీతోనే ఉండాలన్న మాట నేను ఈ శీర్షికలో ఇంకా చాలాసార్లు చెప్పబోతున్నాను, విసుగు పడవద్దు.

ప్రశ్న (గోపాలపట్నం నుంచి ఒక గృహిణి): 2020 మే నెలలో గ్యాస్ లీకైన రోజు మేము తెల్లవారుజామున పిల్లలతో పరుగెత్తినవాళ్ళం. ఆ తరువాత ఇంట్లో ఏ మందు వాసన వచ్చినా నాకు గుండె దడ వస్తుంది. మావారేమో వాసన లేని దోమల మందు తెచ్చి, ఇందులో విషమే లేదు అంటున్నారు. వాసన లేకపోతే హాని లేనట్టేనా?

జవాబు: ఆ మే 7న వెంకటాపురం చుట్టుపక్కల ఊళ్ళు పడిన బాధ, పోయిన 12 ప్రాణాలు ఈ నగరం మరచిపోగలిగినవి కావు. మీ దడకు కారణం ఉంది, దాన్ని ఎవరూ తేలిక చేయకూడదు. దడ తగ్గకపోతే మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి సంకోచించకండి.

మీవారి మాట మాత్రం సరికాదు. ముక్కు విషాన్ని కొలిచే పరికరం కాదు. స్ప్రే కొట్టినప్పుడు మనకు తగిలే ఘాటు చాలావరకు అందులోని నూనెదీ, కలిపిన సెంటుదీ. దోమను చంపే ట్రాన్స్‌ఫ్లూత్రిన్‌కు చెప్పుకోదగిన వాసన లేదు. నిమ్మ వాసన కలిపినా, మల్లె వాసన కలిపినా, ఏమీ కలపకపోయినా లోపలి పదార్థం అదే. ఇది రెండువైపులా వర్తిస్తుంది. ఘాటు వాసన వచ్చినంత మాత్రాన ప్రాణం మీదికి వచ్చినట్టు కాదు, వాసన రానంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చనీ కాదు. మీ ఇంట్లో ఉన్నదేమిటో తెలుసుకోవడానికి ముక్కును కాక కంటిని వాడండి, చీటీ చదవండి.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక విద్యార్థి): స్ప్రే కొట్టగానే బొద్దింక వెల్లకిలా పడి గంటసేపు కాళ్ళు కొట్టుకుంటుంది గాని వెంటనే చావదు. మొన్న హాస్టల్ గదిలో స్ప్రే చేశాక నా బుగ్గల మీదా పెదవుల మీదా చీమలు పాకుతున్నట్టు అనిపించింది. బొద్దింకకు జరుగుతున్నదే నాకూ జరుగుతున్నదా?

జవాబు: మంచి ప్రశ్న. దాదాపు అవుననే చెప్పాలి, కాకపోతే చర్మం వరకే.

ఇళ్ళలో వాడే దోమల మందులలో, బొద్దింకల స్ప్రేలలో ఎక్కువ భాగం పైరిత్రాయిడ్లు అనే కుటుంబానికి చెందినవి. వీటి మూలం మన చామంతికి దగ్గరి చుట్టమైన ఒక తెల్లని పువ్వు. ఏడ్రియాటిక్ సముద్ర తీరాన డాల్మేషియాలోనూ, తరువాత కెన్యాలోనూ దాన్ని పంటగా పండించి, ఎండబెట్టి, పొడిచేసి పురుగుల మందుగా అమ్మేవారు. ఆ పువ్వులోని పదార్థాన్ని పోలిన అల్లెత్రిన్‌ను 1949లో ప్రయోగశాలలో తయారుచేశారు. ట్రాన్స్‌ఫ్లూత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ దాని తరువాతి తరాలు. పువ్వు నుంచి పుట్టింది కాబట్టి హాని లేదని కొందరు, కృత్రిమం కాబట్టి కాలకూటమని కొందరు వాదిస్తూ ఉంటారు. ఉమ్మెత్త కూడా పువ్వే అన్న సంగతి ఇద్దరూ మరచిపోతారు.

నరం గుండా సంకేతం వెళ్ళేటప్పుడు దాని పొరలో సోడియం ద్వారాలు క్షణంలో వెయ్యో వంతు కాలం తెరుచుకుని మూసుకుంటాయి. పైరిత్రాయిడ్ ఆ తలుపును మూసుకోనివ్వదు. దాంతో ఒక్కసారి కదలవలసిన కాలు పదేపదే కదులుతుంది. మీరు చూసిన కాళ్ళు కొట్టుకోవడం అదే. మన నరాలకూ అవే ద్వారాలున్నాయి గాని, పురుగు ద్వారాలు ఈ మందుకు చాలా ఎక్కువగా లొంగుతాయి. పురుగు ఒంటి వేడి మనకంటే తక్కువ, చల్లదనంలో ఈ మందు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అన్నిటికీ మించి మన కాలేయంలోని ఎంజైములు దాన్ని త్వరగా ముక్కలు చేసి బయటికి పంపేస్తాయి. పిల్లులకు ఆ శక్తి బాగా తక్కువ, అందువల్ల కుక్కల ఒంటికి రాసే పర్‌మెత్రిన్ మందును పిల్లికి రాస్తే అది వణుకుతూ పడిపోతుంది.

మీ బుగ్గల మీద పాకిన చీమలు చర్మంలోని నరాల కొసలకు మందు తగిలినందువల్ల వచ్చినవి. చెమట, ఎండ, వేడి దాన్ని ఎక్కువ చేస్తాయి. మన ఊరి ఉక్కపోతలో ఆ బాధ ఎలా ఉంటుందో ఊహించగలను. సబ్బుతో మెల్లగా కడిగి, రుద్దకుండా వదిలేస్తే సాధారణంగా ఒక రోజులోపు తగ్గిపోతుంది. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి. ఇకపై గాలికి ఎదురుగా నిలబడి కొట్టవద్దు. కొట్టాక గది తలుపు మూసి మీరు బయటికి రావాలి. చీటీ మీద చెప్పిన సమయం గడిచాక కిటికీలు తెరిచి, గాలి మారాకే లోపలికి వెళ్ళాలి. తలుపు మూసుకుని లోపలే పడుకునేవారిని నేను చాలామందిని చూశాను.

ప్రశ్న (పెదజాలారిపేట నుంచి): మా మామగారికి ఉబ్బసం. మంచం కింద దోమల చుట్ట వెలిగిస్తేనే ఆయనకు నిద్ర పడుతుంది. తెల్లారేసరికి దగ్గు. కరెంటు మందు కంటే పొగ మంచిదని ఆయన నమ్మకం.

జవాబు: ఆయన దగ్గుకు కారణం ఆ మంచం కిందే ఉండి ఉండవచ్చు. చుట్టలో మందు పాలు చాలా తక్కువ, మిగిలినది రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి, జిగురు వంటివి. అవి రాత్రంతా మంట లేకుండా రాజుకుంటూ ఉంటాయి. తలుపులు మూసిన గదిలో ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళికణాలు, ఆ రకాన్ని బట్టి, 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత ఉంటాయని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. మీ మామగారు బీడీ మానేసి ఉంటే ఈ లెక్క ఆయనకు చెప్పి చూడండి. ఉబ్బసం ఉన్నవారి గదిలో చుట్ట గాని, దోమల అగరవత్తి గాని వెలిగించకూడదు. అగరవత్తులలో రిజిస్ట్రేషన్ లేకుండా, ఏ మందు కలిపారో రాయకుండా అమ్మేవి కూడా ఉన్నాయి. కేంద్ర క్రిమిసంహారక బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేని పెట్టెను దుకాణంలోనే వదిలేయండి. మంచం కింద నిప్పు అన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు, వేలాడే దుప్పటి కొస చాలు.

చుట్టను అలా పాములా మెలితిప్పి చేయడం 1895 ప్రాంతంలో జపాన్‌లో ఒక తయారీదారు భార్యకు తోచిన ఉపాయమని చెబుతారు. అంతకుముందు అది పుల్లలా ఉండి గంట కూడా నిలిచేది కాదట. ఉపాయం గొప్పదే గాని, రాత్రంతా పొగ పీల్చే అలవాటు కూడా దానితోనే వచ్చింది. మీ మామగారికి దోమతెర కట్టండి.

ప్రశ్న (మధురవాడ నుంచి): మా అమ్మాయి పురుడు పోసుకుని ఇంటికి వచ్చింది. పాపకు ఇరవై రోజులు. ఏసీ గదిలో రాత్రంతా దోమల మెషీన్ పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. ఏసీ గదిలో బయటి గాలి దాదాపు రాదు, పొద్దున్న దాకా అదే గాలి తిరుగుతూ ఉంటుంది. చంటిబిడ్డ తన ఒంటి బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తుంది. సాయంత్రం తల్లీబిడ్డా వేరే గదిలో ఉన్నప్పుడు ఒక గంట మెషీన్ పెట్టి, ఆపి, కిటికీలు తెరిచి గాలి మార్చి, తరువాత పాపను తీసుకువచ్చి దోమతెరలో పడుకోబెట్టండి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి నిద్రకు కూడా తెర ఉండాలి. ఏజెన్సీ గ్రామాలలో మలేరియా విభాగం పంచే మందు పట్టించిన తెరలలో ఉండేదీ పైరిత్రాయిడే, అయితే అది దారానికి అంటుకుని ఉంటుంది, గాలిలో తేలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకు, పసిపిల్లలకు కూడా వాటిని సిఫారసు చేస్తోంది. మామూలు తెరే ఉన్నా చిరుగులు లేకపోతే చాలు.

ప్రశ్న (అక్కయ్యపాలెం నుంచి): గ్యాస్ పొయ్యి కింద బొద్దింకలు. పొయ్యి వెలుగుతుండగానే కింద స్ప్రే కొడితే భగ్గుమని మంట లేచి చేతి వెంట్రుకలు కాలాయి. మందులో నిప్పు ఉందా?

జవాబు: మందులో కాదు, మందును బయటికి నెట్టే గ్యాసులో ఉంది. స్ప్రే డబ్బాలలో నింపేది చాలావరకు బ్యూటేన్, ప్రొపేన్, అంటే మీ సిలిండర్‌లో ఉన్నదే. పొయ్యి, దేవుడి గదిలో దీపం, అగరవత్తి, ఇవేవీ వెలుగుతున్నప్పుడు ఆ డబ్బా మీట నొక్కకూడదు. పొయ్యి పక్కన ఎండలోనో వేడిలోనో ఉంచకూడదు, అయిపోయిన డబ్బాను చిల్లు పొడవకూడదు, చెత్తతో కలిపి కాల్చకూడదు. చేతి వెంట్రుకలతో పోయింది.

అసలు వంటింట్లో స్ప్రే ఎందుకు? గిన్నెల మీదా, కత్తిపీట మీదా, రేపు తరగబోయే కూరగాయల మీదా పడుతుంది. ఫిప్రోనిల్ గాని ఇమిడాక్లోప్రిడ్ గాని ఉన్న బొద్దింకల జెల్ దొరుకుతుంది. అలమర మూలల్లో, సింకు కింద, తలుపు బందుల దగ్గర ఆవగింజంత చుక్కలు పెడితే చాలు, గాలిలోకి ఏమీ రాదు. జెల్ పెట్టిన చోట స్ప్రే కొడితే బొద్దింకలు దాని దగ్గరికి రావు, రెండూ కలపవద్దు.

ప్రశ్న (వన్‌టౌన్ నుంచి ఒక పెద్దాయన): మా నాన్నగారి కాలపు ఇల్లు. అటక సర్దుతుంటే తుప్పు పట్టిన రేకు డబ్బా దొరికింది. మీద గమాక్సిన్ అని ఉంది. చీమల మందు అని గుర్తు. నిండుగా ఉంది, పారేయడానికి మనసొప్పడం లేదు. చీమలకు చల్లవచ్చా?

జవాబు: చల్లకండి. బియ్యప్పిండి ముగ్గు పెట్టినట్టు గోడ అంచుల వెంట ఆ పొడి చల్లడం నేనూ చూశాను. వాసన ఇప్పటికీ గుర్తుంది. దాని అసలు పేరు బి.హెచ్.సి., మన దేశంలో 1997లో నిషేధించారు. అందులో పురుగులను చంపే భాగమైన లిండేన్ వాడకాన్ని 2013లో పూర్తిగా ఆపేశారు. అది ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి నిలుస్తుంది, మూర్ఛలు తెప్పిస్తుంది. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లిండేన్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

డబ్బా తెరవవద్దు, ఊడ్చవద్దు, దుమ్ము లేస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని డబ్బాను అలాగే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, పైన పెద్ద అక్షరాలతో "విషం, గమాక్సిన్" అని రాయండి. పురుగుల మందు డబ్బాలు ఇంటి ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలపకుండా నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పారిశుద్ధ్య సిబ్బందికి విడిగా అప్పగించండి, ఏమిటో నోటితో కూడా చెప్పండి, ఎందుకంటే ఆ సంచిని వట్టి చేతులతో పట్టుకునేది వారే. మరుగుదొడ్డిలో గాని గెడ్డలో గాని పోస్తే అది నేరుగా సముద్రానికే చేరుతుంది.

ప్రశ్న (పెందుర్తి నుంచి): బియ్యం బస్తాలో పురుగు పట్టకుండా ఒక బిళ్ళ పెడితే చాలని తెలిసినవారు ఇచ్చారు. తెల్లని కాగితంలో చుట్టి ఉంది. పెట్టవచ్చా?

జవాబు: ఈ పేజీలో అన్నిటికంటే గట్టిగా వద్దని చెప్పవలసింది దీనికే. ఆ బిళ్ళ అల్యూమినియం ఫాస్ఫైడ్ అయి ఉండే అవకాశం ఉంది. గోదాములలో టార్పాలిన్లు కప్పి, శిక్షణ పొందినవారు మాత్రమే వాడవలసినది, మామూలు ఇళ్ళకు అమ్మకూడనిది. గాలిలో తేమ తగిలితే అది ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది, మన సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. ఆ వాయువుకు విరుగుడు మందు లేదు. బియ్యం బస్తా పక్క గదిలో ఉన్నా, ఆ గదికి ఆనుకుని పిల్లలు పడుకున్నా ప్రమాదమే. కాగితం విప్పవద్దు, తడి తగలనివ్వవద్దు, ఇంటి బయట గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచి, వ్యవసాయ శాఖ కార్యాలయానికి కబురు చేయండి. ఇచ్చినవారికి కూడా ఈ జవాబు చదివి వినిపించండి. బియ్యానికి ఎండ, గాలి చొరని డబ్బా, ఎండు వేపాకు చాలు.

ప్రశ్న (అల్లిపురం నుంచి): మున్సిపాలిటీ పొగబండి రాగానే పిల్లలంతా దాని వెనక పరుగెత్తుతున్నారు.

జవాబు: మనమూ పరుగెత్తినవాళ్ళమే, కాని ఆపాలి. వీధులలో కొట్టే పొగలో సాధారణంగా డీజిల్‌లో కలిపిన మలాథియాన్ ఉంటుంది, ఇది పైరిత్రాయిడ్ కాదు, పైన చెప్పిన ఆర్గానోఫాస్ఫేట్ జాతిది. పొగ దట్టంగా ఉన్నచోట నోరు తెరిచి పరుగెత్తే పిల్లవాడే అందరికంటే ఎక్కువ పీలుస్తాడు. నీళ్ళ కుండలు, వంటలు మూసి, పొగ పలచబడేదాకా పిల్లలను లోపల ఉంచండి. పొగ ఎగిరే దోమను చంపుతుంది గాని, మీ డాబా మీది పాత టైరులో ఉన్న పిల్లపురుగులను ఏమీ చేయదు.

ప్రశ్న (సీతమ్మధార నుంచి): బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన పాత పసిబట్టలు ఇప్పుడు మనవడికి వేయవచ్చా?

జవాబు: ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరేశాక వేయండి. అవి నాఫ్తలీన్ ఉండలైతే, జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు. లోపం ఉందో లేదో మీకు ముందుగా తెలియదు.

ప్రశ్న (ఆరిలోవ నుంచి): పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఇల్లంతా కొట్టి వెళ్ళారు. ఏం కొట్టారని అడిగితే "గ్రీన్ మందు, ఏం కాదు" అన్నారు. గ్రీన్ మందు అంటే ఏమిటి?

జవాబు: అలాంటి పేరుతో మందు లేదు, వారు చెప్పింది బహుశా డబ్బా మీది రంగు గురించి. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నియమాల ప్రకారం ప్రతి మందు డబ్బా మీద కోణం మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉండాలి. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు ఉంటే తీవ్ర విషం, నీలం ఉంటే మధ్యస్థం, ఆకుపచ్చ ఉంటే స్వల్పం. ఎరుపు డబ్బా మీద పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉంటుంది. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు. అది డబ్బాలోని మందుకు ఇచ్చిన రంగు, నీళ్ళు కలపని ఆ చిక్కటి మందు ఒంటి మీద ఒలికినా, ఎవరైనా మింగినా తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోవలసిందే.

ఈసారి పిలిచినప్పుడు కొట్టకముందే డబ్బా చూపించమనండి. ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మందు పేరు, శాతం, ఎన్ని గంటలు బయట ఉండాలో మూడూ అందులో ఉంటాయి. చూపించడానికి వెనకాడేవారిని ఇంట్లోకి రానివ్వకండి. చేపల తొట్టి ఉంటే దాన్ని వేరే ఇంటికి పంపండి, లేదా గట్టిగా కప్పి గాలిపంపు ఆపండి, ఎందుకంటే పైరిత్రాయిడ్ల ముందు చేపలు నిలవలేవు.

ప్రశ్న (మర్రిపాలెం నుంచి): ఖాళీ అయిన రీఫిల్ సీసాలో కిరోసిన్, కర్పూరం, వేపనూనె కలిపి పోస్తే పైసా ఖర్చు లేకుండా దోమలు పోతాయని వీడియోలో చూపించారు. మూడు వారాలుగా వాడుతున్నాము. దోమలు తగ్గినట్టే ఉంది. ఇది సహజమైనదే కదా?

జవాబు: మీరు వాడుతున్నదానిలో కిరోసిన్ ఉంది, అది ఎప్పటి నుంచి సహజమైందో ఆ వీడియో చేసినవారే చెప్పాలి. మెషీన్ లోపలి వేడి కంపెనీ పోసిన నూనెకు తగినట్టుగా అమర్చినది. ఇంట్లో కలిపిన కిరోసిన్ దానిలో ఎలా ఆవిరవుతుందో, ఎప్పుడు అంటుకుంటుందో ఎవరూ పరీక్షించలేదు. కర్పూరం విషయం ఇంకా పెద్దది. దేవుడికి వెలిగించేదే గాని, పసిపిల్లలు కొద్దిగా మింగినా కొన్ని నిమిషాలలోనే మూర్ఛ రావచ్చు. కిరోసిన్‌లో కరిగిన కర్పూరమైతే రెండు విషాలు ఒక్క గుక్కలో వెళతాయి.

ఇప్పుడు ఆ సీసా మీద ఇంకా ట్రాన్స్‌ఫ్లూత్రిన్ అనే ఉంది. రేపు మీ ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లవాడు దాన్ని నోట్లో పెట్టుకుంటే, ఆసుపత్రిలో వైద్యుడు ఆ చీటీ చదివి, కర్పూరం సంగతి తెలియకుండానే వైద్యం మొదలుపెడతాడు. సీసాను ఈ రోజే మెషీన్ నుంచి తీసి, మూత బిగించి, ప్రమాదకర చెత్తలో వేయండి.